అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టిన డాక్టరమ్మ

ప్రసాదరావు గారి ఫోన్ వచ్చేటప్పటికి నేను జగ్గయ్యపేటలో మా ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. "రత్నం, మీ డాక్టరమ్మ వెళ్లిపోయిందమ్మా" అన్నారాయన. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల ఎవరో మంచం జరుపుతున్న చప్పుడు వినపడింది. ఈ వార్త వస్తుందని నాకు కొన్ని నెలలుగా తెలుసు. ముందురోజు సాయంత్రమే ఆమె పక్కన కూర్చుని, ఊపిరి ఎంత సన్నగా ఆడుతోందో చూసి వచ్చాను. అయినా ఆ మాట చెవిన పడగానే బియ్యం గిన్నె పక్కనే నేల మీద కూలబడ్డాను. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి "ఏమైందమ్మా?" అని అడిగింది. నా మొహం చూసి అదే గ్రహించి, నా కంటే ముందు అదే ఏడ్చింది.

డాక్టర్ సుభాషిణి గారిని ఎరగనివారి కోసం ఈ నాలుగు మాటలు. ఆమె నందిగామలో కాన్పుల డాక్టరు. పేరున్న నర్సింగ్ హోములో స్థిరమైన ప్రాక్టీసు, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే భర్త ప్రసాదరావు గారు, ఏ లోటూ లేని సంసారం. అటువంటి జీవితాన్ని పక్కకు నెట్టి, ఈ మెట్ట ప్రాంతంలో ఎవరూ పేరెత్తడానికి కూడా సాహసించని హెచ్.ఐ.వి. రోగుల సేవకు తన మిగిలిన ఆయుష్షునంతా ధారపోసిన మహనీయురాలు. నేను మేరీ రత్నాన్ని. వీరులపాడు దగ్గర పల్లెలో పుట్టి, తెలుగు పండిత శిక్షణ పూర్తి చేసినదాన్ని. ఆమెకు మొదట రోగిని, తర్వాత సహోద్యోగిని. నా జబ్బు సంగతి నేను దాచుకోను. ఇందులో నా పేరూ, ఆ దంపతుల పేర్లూ తప్ప మిగతావి మార్చాను. ఎందుకు మార్చానో చివరిదాకా చదివినవారికి బోధపడుతుంది.

నా భర్త సిమెంటు లారీ నడిపేవాడు. నేను నిండు చూలాలుగా ఉండగా జ్వరమూ విరోచనాలూ పట్టుకుని, ఏమిటో తెలిసేలోపే పోయాడు. ఆ తర్వాత నాకు రక్తపరీక్ష చేశారు. అంతకు ముందు దాకా నన్ను చూస్తున్న ఆసుపత్రివాళ్లు కాగితం చేతిలో పెట్టి, "ఇక్కడ కుదరదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అన్నారు. మా అమ్మ నన్ను ఆటోలో వేసుకుని నందిగామంతా తిరిగింది. ఆఖరికి నొప్పులతో సుభాషిణి గారి గుమ్మంలో దిగాం.

ఆమె ఆ కాగితం చూసింది. మడిచి మా అమ్మకే ఇచ్చింది. "ఇది తర్వాత చూద్దాం. ముందు బిడ్డ సంగతి చూడాలి" అని నన్ను లోపలికి నడిపించుకుపోయింది. నొప్పికీ నొప్పికీ మధ్య నా భయం పోగొట్టడానికి కాబోలు, "ఏం చదివావమ్మా?" అని అడిగింది.

"తెలుగు పండిట్ ట్రైనింగండీ."

"అయితే ఒక పద్యం చెప్పు."

"ఇప్పుడాండీ?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? నాకు ఒక్క పద్యం కూడా రాదు. చెప్పు, వింటా."

పళ్లు బిగబట్టి పద్యం మొదలుపెట్టాను. మూడు పాదాలు చెప్పాక నొప్పి ముంచుకొచ్చింది, నాలుగోది మర్చిపోయాను. "అబ్బ, బాగా చదివావులే ట్రైనింగు!" అని ఆమె పకపకా నవ్వింది. భర్త పోయి, లోకమంతా నన్ను అంటరానిదాన్ని చేసిన ఆ సమయంలో ఎవరో నాతో వేళాకోళమాడారు. నేను ఇంకా మనిషినేనని నాకు తెలిసింది ఆ నవ్వు వల్లనే. నా కూతురు ఆమె చేతుల్లోకే పుట్టింది. పుట్టిన బిడ్డకు జబ్బు సోకకుండా మందు వేసి, ఆ తర్వాత వరసగా జరిపిన పరీక్షలకు నాకంటే ఎక్కువగా ఆరాటపడింది ఆమే. చివరి పరీక్షలో కూడా ఏమీ లేదని తేలిన రోజు, డాక్టరమ్మ నా బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రి వరండా అంతా తిరిగి, నర్సులకూ ఆయాలకూ చూపించింది. కారణమేమిటో చెప్పలేదు. "దీని బుగ్గలు చూడండే" అంది, అంతే.

నేను పంతులమ్మగా చేరిన ప్రైవేటు స్కూలులో ఎవరో విషయం చెప్పారు. మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆ సంగతి విని డాక్టరమ్మ నన్ను పిలిపించింది. "నీకు మాట్లాడటం వచ్చు. నాకు అరవడం వచ్చు. నా దగ్గర చేరు" అంది. కౌన్సెలర్ అనే ఉద్యోగం ఒకటి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

అప్పటికే ఆమె నర్సింగ్ హోము మానేసి, కొందరు మిత్రుల సాయంతో జగ్గయ్యపేటలో ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుంది. అందులో ఒక గది హెచ్.ఐ.వి. రోగుల కోసమని ప్రత్యేకించింది. మంచి కుర్చీలు, ఫ్యాను, తాగునీరు అన్నీ అమర్చింది. ఎవరూ రాలేదు. ఎదురుగా టీ బంకు. అక్కడ కూర్చున్నవాళ్ల కళ్లన్నీ ఆ గది గుమ్మం మీదే. ఒకామె సందు చివరిదాకా వచ్చి, కొంగు మొహానికి కప్పుకుని వెనక్కి తిరిగిపోవడం నేను కళ్లారా చూశాను. చెప్తే డాక్టరమ్మ వెళ్లి ఆ ఖాళీ కుర్చీల్లో ఒకదానిలో కూర్చుని, ఎదురుగా టీ బంకు వంక చూసింది.

"రత్నం, మనం వీళ్లకి గది కట్టలేదే. బోను కట్టాం" అంది.

ఆ మర్నాడే ఆ గదిని ఎత్తేసింది. మంగళవారం మంగళవారం బీపీ, షుగరు, జ్వరాలు, గర్భిణీలు, కీళ్లనొప్పుల ముసలమ్మలు, అందరికీ ఒకటే ఓపీ అని ఆటో మీద మైకు కట్టించి ఊరంతా చెప్పించింది. అందరికీ ఒకే రంగు చీటీ, మందులకు ఒకే రకం సంచి. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నవాళ్లలో ఎవరు దేనికి వచ్చారో ఒకరికొకరికి తెలియదు. టీ బంకు యజమాని కూడా షుగరు చూపించుకోవడానికి అదే వరుసలో కూర్చున్నాడు. వైద్యశాస్త్రంలో దీన్ని ఏమంటారో, ఎంత గొప్ప ఆలోచనగా లెక్కిస్తారో నాకు తెలియదు. ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు వచ్చి చూసి వెళ్లేవారు. ఆమె మాత్రం "ఇందులో నేను కనిపెట్టిందేం లేదండీ. రోగుల్ని విడదీసింది మనమే, మళ్లీ కలిపాం" అనేది.

ఎవరైనా వణుకుతూ "మా వాళ్లకి చెప్పాలామ్మా?" అని అడిగితే ఆమె చెప్పే మాట ఒకటుండేది. "జబ్బు నీది. చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. మాత్ర మాత్రం నా ఇష్టం." ఏడుస్తూ వచ్చినవాళ్లు కూడా ఆ మాటకు నవ్వేవారు.

ఆ రోజుల్లో ఈ జబ్బు మందులు బెజవాడ పెద్దాసుపత్రిలోనే ఇచ్చేవారు. పత్తి తీతలకో మిరప కోతలకో పోయే మనిషి కూలి వదులుకుని, తెల్లారే బస్సెక్కి, అక్కడ లైనులో నిలబడి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. ఎక్కడికి పోయావంటే ఇంట్లో ఏం చెప్పాలి? ఇలా ప్రతి నెలా చేయలేక చాలామంది మందులే మానేశారు. డాక్టరమ్మ పక్కపక్క పల్లెల్లో ఉన్నవాళ్లను, వాళ్ల సమ్మతితోనే, చిన్న చిన్న జట్లుగా కలిపింది. జట్టులో ఒక్కరు బెజవాడ వెళ్లి అందరి మందులూ తేవాలి, తర్వాతి నెల మరొకరు. ఇందుకు ఒప్పించడానికి ఆమె అక్కడి అధికారి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను.

"రోగిని చూడకుండా మందులెలా ఇస్తామండీ? రేపేదైనా అయితే ఎవరు జవాబుదారీ?" అన్నాడాయన.

"మీరు రోగిని చూడాలంటే రోగి బతికుండాలి కదండీ" అంది డాక్టరమ్మ.

ఆయనకు కోపం వచ్చింది. మమ్మల్ని బయటకు పంపించాడు. ఆమె మళ్లీ వెళ్లింది. మళ్లీ పంపించాడు. చివరికి ఆయనను ఒక మంగళవారం జగ్గయ్యపేట రప్పించి, వరుసలో వాళ్ల మధ్య కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా కూర్చున్నాడు. తన పక్కన కూర్చుని మిరప తోటల కబుర్లు చెప్పిన ఆడమనిషి దేనికి వచ్చిందో ఆయన పోల్చుకోలేకపోయాడు. వెళ్లేముందు "జట్టుకి ఒకళ్లు వస్తే చాలండీ" అని ఒప్పుకున్నాడు.

ఆమెలో లోపాలే లేవని నేను రాస్తే ఆమె ఆత్మ నన్ను క్షమించదు. కోపం ముక్కుమీదే ఉండేది. ఆ కోపం ఒకసారి ఒక ప్రాణం తీసిందని ఆమె జీవితాంతం నమ్మింది. లక్ష్మి అని, కోదాడ వైపు, సరిహద్దు అవతల పల్లె నుంచి వచ్చే కూలి మనిషి. మిరప కోతల కాలంలో కూలీల ముఠాతో కలిసి ఊళ్లు తిరుగుతూ మందులు మధ్య మధ్య మానేసేది. ఆ మంగళవారం డాక్టరమ్మ బాగా అలసిపోయి ఉంది. లక్ష్మి చీటీ చూడగానే మండిపడింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఇలా మానేస్తే చచ్చిపోతావు, తెలుసా? నీ పిల్లలు రోడ్డున పడతారు. చెప్పీ చెప్పీ నా నోరు పోతోంది."

లక్ష్మి తల వంచుకుని "గట్లనే అమ్మా, ఇగ మానను" అని, మందులు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కోతలు అయిపోయాక కూడా రాకపోతే మేమిద్దరం వెతుక్కుంటూ వెళ్లాం. ఇంటి ముందు అరుగు మీద ఆమె అక్క కూర్చుని ఉంది. లక్ష్మి క్షయతో పోయిందని చెప్పింది. ఎందుకు రాలేదని డాక్టరమ్మ అడిగింది. అక్కకు ఈమె ఎవరో తెలియదు. "ఆడ డాక్టరమ్మ కోపం జేసిందంట. మళ్ల మందులు తప్పినయ్. ఇగ పోయి ముఖమెట్ల సూపియ్యాలె అని ఏడ్సుకుంట ఉన్నది. పోనేలేదు" అంది.

డాక్టరమ్మ ఆ అరుగు మీదే, అక్క పక్కన కూర్చుంది. ఆటోలో తిరుగు ప్రయాణమయ్యాం. జగ్గయ్యపేట పొలిమేరల్లోకి వచ్చాక, "దాన్ని జబ్బు చంపలేదు రత్నం. నా నోరు చంపింది" అంది. నేను కాదనబోయాను. చేత్తో వద్దని వారించింది. లక్ష్మి పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండి చదువుకునే ఏర్పాటు ఆమె చేసింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

ఆ రోజు తర్వాత మా దగ్గర పద్ధతి మారిపోయింది. ఎంతకాలం మానేసి వచ్చినా సరే, వచ్చినవాళ్లతో మొదటి మాట "వచ్చావు, సంతోషం" అనే అనాలి. ఎందుకు మానేశావని అడగకూడదు, ఏం ఇబ్బంది వచ్చిందని అడగాలి. రానివాళ్ల కోసం జట్టులో వాళ్లే వెళ్లి, పలకరించి రావాలి. ముఠాలతో వలసపోయేవాళ్లకు కోతల కాలం మొత్తానికి సరిపడా మందులు ముందే ఇవ్వాలి. ఊళ్లు తిరిగేవాళ్లు ఎక్కడున్నారో మేం తెలుసుకుని, మిరప కళ్లాల దగ్గరికి జ్వరాల క్యాంపు పేరుతో వెళ్లేవాళ్లం. ఆ ఘాటుకు తుమ్మలేక చచ్చేవాళ్లం. ఎర్రటి కాయల రాశుల పక్కన నిలబడి, డాక్టరమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ అందరికీ మందులిచ్చేది. ఆ నీళ్లు ఘాటుకేనా అని ఒకటి రెండుసార్లు నాకు అనుమానం వచ్చింది. అడగలేదు.

మా పేటలో దావీదు అని ఒకాయన ఉపవాస కూటాలకు వెళ్లి వచ్చి, దేవుడు తనను స్వస్థపరిచాడని మాత్రలు కాలవలో పారేశాడు. నేను వెళ్లి ఎంత బతిమాలినా వినలేదు. డాక్టరమ్మ ఆదివారం మా చర్చికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని, ఆరాధన అంతా శ్రద్ధగా వింది. అయిపోయాక పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లింది. ఎవరి పేరూ ఎత్తలేదు.

"అయ్యగారూ, మీరు వాక్యం చదివేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్నారు కదండీ. అవి తీసేసి చదవగలరా?"

"ఈ వయసులో ఎక్కడమ్మా? అక్షరం కనపడదు."

"మరి అద్దాలు పెట్టుకున్నారని మీ విశ్వాసం తక్కువైనట్టాండీ?"

ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని, ఆమె వైపు చూసి నవ్వారు. "మీరు దేనికొచ్చారో నాకర్థమైందమ్మా" అన్నారు. తర్వాతి ఆదివారం ప్రసంగం చివర, "ఏ జబ్బుకు మందు వాడేవాళ్లైనా సరే, ప్రార్థన చేసుకుని మాత్ర వేసుకోండి. వైద్యుడి చేతిని కూడా ప్రభువే ఇచ్చాడు" అని చెప్పారు. బీపీ మాత్రలు మానేసిన మా పెద్దమ్మ కూడా మర్నాటి నుంచి వేసుకుంది. దావీదు మరుసటి మంగళవారం వరుసలో వచ్చి కూర్చున్నాడు. డాక్టరమ్మ తలెత్తి చూసి, "వచ్చావు, సంతోషం" అంది.

ఇంత పనిచేసిన మనిషికి బస్సెక్కితే చాలు, నిద్ర. నందిగామలో ఎక్కి జగ్గయ్యపేటలో దిగాల్సింది, కళ్లు తెరిచేసరికి కోదాడ. అక్కడి నుంచి నాకు ఫోన్ చేసి, "ఏమే, నన్ను తిట్టకు. వస్తున్నా" అనేది. పోనుపోను ఆ దారిలో కండక్టర్లందరికీ తెలిసిపోయి, పేట రాగానే తట్టి లేపేవారు. బస్టాండు దగ్గర బజ్జీలంటే ప్రాణం. షుగరు రోగులకు పథ్యం చెప్పి, సాయంత్రం దొంగతనంగా బజ్జీలు తింటూ అదే రోగుల కంట పడి, పట్టుబడిన పిల్లలా పొట్లం వెనక్కి దాచుకునేది.

నిరుడు ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అని తనకు తానే మాత్రలు రాసుకుంది. మనిషి చిక్కిపోతుంటే ప్రసాదరావు గారు పోట్లాడి బెజవాడ తీసుకెళ్లారు. క్లోమానికి క్యాన్సర్ అని, బాగా ముదిరిందని తేలింది. ఆ వారమే, మంగళవారం నాడు, ఆమె వరుస ముందుకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ ప్రసంగాలు చేయడం రాని మనిషి. రెండు చేతులూ కట్టుకుని చెప్పింది.

"నాకు క్యాన్సర్ వచ్చింది. నయమయ్యేది కాదు. ఇన్నేళ్లూ మీ జబ్బులన్నీ నాకు చెప్పుకున్నారు. నాది మీకు చెప్పకపోతే బాగోదు. వేరే డాక్టరు గారు వస్తారు, ఆయనక్కూడా ఇలాగే చెప్పుకోండి. భయపడకండి."

బీపీకి వచ్చే ముసలామె ఒకతె లేచి, "అయితే నిన్నెవరు చూస్తారమ్మా?" అని అడిగింది. ఆ దంపతులకు పిల్లలు లేరు.

ఆమెను చూసింది ఆ వరుసలోనివాళ్లే. జట్లలోని ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుని, వంతులు వేసుకుని నందిగామ రావడం మొదలుపెట్టారు. ఒకామె జావ కాచి తెచ్చేది. ఒకామె తల దువ్వి జడ వేసేది. చీమలపాటి నుంచి వచ్చే ఆమె ఏమీ మాట్లాడకుండా కాళ్లు పట్టేది. ఇరుగుపొరుగువాళ్లు వాళ్లను పనివాళ్లనుకున్నారు. ప్రసాదరావు గారు ఎవరినీ ఏ ఊరని, ఎలా పరిచయమని అడగలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆయన రోగుల గురించి తన భార్యను ఆ ప్రశ్న అడిగి ఎరగరు. వచ్చినవాళ్లందరికీ తానే టీ పెట్టి ఇచ్చేవారు.

ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఆమె దగ్గరున్నాను. కళ్లు మూసుకుని పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"భయంగా ఉందే" అంది.

నేను ఆమె మొహంలోకి చూశాను.

"మీ అందరికీ భయపడొద్దు, భయపడొద్దు అని చెప్పేదాన్ని. ఎంత తేలిగ్గా చెప్పేదాన్నో చూడు."

వందల మందికి ధైర్యం చెప్పడం నా వృత్తి. ఆమె నేర్పిన వృత్తి. ఆ క్షణాన నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. మంచం మీదికెక్కి, ఆమె తలను నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎముకల గూడులా ఉంది. నుదురు నిమురుతూ ఉంటే కాసేపటికి ఆమె చేయి నా మోకాలి మీదికి వచ్చింది. అది ఆమె నన్ను ఓదార్చడమో, పట్టుకోవడమో తెలియదు. అలాగే నిద్రపోయింది.

ఫోన్ వచ్చిన ఉదయం నేను నందిగామ చేరేసరికి ఆ వీధి నిండా జనం. పెద్దలు వచ్చారు, డాక్టర్లు వచ్చారు, ఫోన్లతో వీడియోలు తీసేవాళ్లు వచ్చారు. ఇంటి ముందు ఆమె నిలువెత్తు ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద "హెచ్.ఐ.వి. బాధితుల ఆత్మబంధువుకు అశ్రునివాళి" అని ఎర్ర అక్షరాలు. భక్తితోనే కట్టారు పాపం. ఆ ఫ్లెక్సీ కిందే ఆమెను పడుకోబెట్టారు. కడసారి చూడాలంటే దాని కిందికే పోవాలి. మైకులో ఒకాయన ఆమె సేవలను కీర్తిస్తూ, పదే పదే ఆ జబ్బు పేరే చెప్తున్నాడు.

నేను మావాళ్ల కోసం చుట్టూ చూశాను. జావ తెచ్చే మనిషి లేదు. జడ వేసే మనిషి లేదు. ఒక్కరూ కనపడలేదు. అప్పుడు రోడ్డు అవతల బస్ షెల్టర్ వైపు చూశాను.

అందరూ అక్కడే ఉన్నారు. ఇద్దరు ముగ్గురుగా, ఒకరికొకరు తెలియనట్టుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో సంచులు. నేను రోడ్డు దాటి వెళ్లాను. జడ వేసే ఆమె నా వైపు చూడకుండానే, "వీడియోలు తీస్తన్నారక్కా. మా ఊరి ప్రెసిడెంటు గూడా వచ్చాడు. ఆ బొమ్మ కింద నేను ఏడవడం చూస్తే ఇంకేమన్నా ఉందా?" అంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. ఇంతలో బస్సొచ్చి ఆగింది. "పేట, పేట! ఎక్కండమ్మా, ఎక్కండి" అని కండక్టరు అరిచాడు.

"వెనక బస్సుకొస్తాంలే బాబూ" అంది ఒకామె.

ఆ బస్సు పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఒక్కరూ ఎక్కలేదు.

ఆమెను వైకుంఠ రథంలోకి ఎక్కించేటప్పుడు ప్రసాదరావు గారు నా పక్కకు వచ్చారు. "రత్నం, మనవాళ్లెవరూ రాలేదేమిటమ్మా?" అని మెల్లగా అడిగారు. నేను షెల్టర్ వైపు చూశాను. చూసి, "వాళ్లు... బస్సు కోసం చూస్తున్నారండీ" అన్నాను. ఇంకేం చెప్పగలను? ఆయన అటు తిరిగి చూశారు. తర్వాత ఫ్లెక్సీ వైపు చూశారు. డ్రైవర్ దగ్గరికి వెళ్లారు.

"ఆ షెల్టర్ ముందు కాసేపు ఆపు బాబూ."

"అటెందుకండీ? మున్నేటి శ్మశానానికి దారి ఇటు కదా."

"తెలుసులే నాయనా. తిప్పి ఆపు."

మైకులూ జనమూ ఇటే ఉండిపోయాయి. బండి రోడ్డు దాటి, బస్సు ఆగినట్టే ఆ షెల్టర్ ముందు ఆగింది. వాళ్లు మొదట కదల్లేదు. తర్వాత జావ తెచ్చే ఆమె సంచి చంకన పెట్టుకుని, బస్సు బోర్డు చదవడానికి వచ్చినట్టు ముందుకు వచ్చి, అద్దం మీద అరచేయి ఆనించింది. వెనకే మిగతావాళ్లు. లోపల ఆమె మొహం ప్రశాంతంగా ఉంది. కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కాళ్లు పట్టే ఆమె అద్దం మీద తల ఆనించి, గాజు మీద ఊపిరి తగిలి మసక కమ్మితే, కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. ప్రసాదరావు గారు పక్కకు తిరిగి నిలబడ్డారు. వాళ్లకు తనివి తీరేదాకా, అంటే ఎప్పటికీ తీరదు కనుక, డ్రైవర్ హారన్ కొట్టేదాకా అక్కడే ఉన్నారు. బండి మున్నేటి వైపు మళ్లింది. తర్వాత వచ్చిన బస్సులో వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు. ఇంటికి పోయి వంట చేయాలి. ఎక్కడికి వెళ్లావంటే ఏదో ఒకటి చెప్పాలి.

డాక్టరమ్మా, నీకు నమస్కరించడానికి నాకు వచ్చిన తెలుగంతా చాలడం లేదు. మంగళవారం వరుస సాగుతోంది. కొత్త డాక్టరు గారు మంచివారు, ఓపికగా వింటారు. అయినా వచ్చిన ప్రతివాళ్లూ గదిలోకి అడుగుపెట్టి, నువ్వు లేవని తెలిసి కూడా, ఒక్క క్షణం గుమ్మంలో ఆగుతున్నారు. నీవంటి మనిషి ఈ నేల మీద మళ్లీ పుడుతుందన్న ఆశ నాకు లేదు, ఉందని అబద్ధం రాయలేను. నిన్ను అందరికంటే ఎక్కువగా ప్రేమించినవాళ్లు నీ కోసం పైకి ఏడవలేకపోయారు. ఇళ్లలో, పొలాల్లో, ముఠాల మధ్య ఇప్పటికీ ఏడవలేకపోతున్నారు. అడిగితే ఎవరు పోయారని చెప్పుకుంటారు? నా జబ్బు అందరికీ తెలుసు కనుక నాకు ఆ అడ్డు లేదు. అందుకే వాళ్ల పేర్లు దాచి, వాళ్లందరి ఏడుపూ ఇక్కడ నేనే ఏడుస్తున్నాను.